మేనకోడలికి: ముందు ఎదుటివాళ్ల బొమ్మ చూడటం నేర్చుకో

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

బీఎఫ్‌ఏ (చిత్రకళలో డిగ్రీ) మూడో ఏడు పూర్తి చేసుకుని విశాఖ నుంచి సెలవులకు విజయవాడ వచ్చావని, వచ్చిన దగ్గర్నుంచీ యూనివర్సిటీలో పెయింటింగ్ టీచర్ అవుతానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వేమో ఎంఎఫ్‌ఏ (చిత్రకళలో పీజీ) ఎక్కడ చేస్తే మంచిదని మెసేజ్ పెట్టావు. దానికీ జవాబు రాస్తాను. కానీ అంతకన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. కాలేజీ ఎంచుకోవడం కన్నా అదే నీకు ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

నీ బొమ్మ నువ్వు బాగా వేస్తావు. నీ చార్‌కోల్ లైఫ్ స్టడీలు చూశాను, గీతలో ధైర్యం ఉంది. అయితే టీచర్‌కి కావలసిన చూపు వేరే. ఒక పిల్ల తన కంపోజిషన్ (తను కూర్చిన బొమ్మ) తెచ్చి నీ ముందు పెడితే, ఆ చోట నువ్వయితే ఏం వేసేదానివో అదే ముందు తోస్తుంది. చేయి తిరిగిన వాళ్లందరికీ అంతే. ఆ ఆలోచనను పక్కన పెట్టి, ఈ పిల్ల ఏం చేయబోయింది, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అని చూడగలిగినప్పుడే పాఠం మొదలవుతుంది. అది చూడలేకపోతే నీ దగ్గర చదివిన పాతికమందీ నీలాగే వేస్తారు. కొన్ని కాలేజీల వార్షిక ప్రదర్శనల్లో గోడ పొడవునా ఒకే చేతి బొమ్మలు కనిపిస్తాయి. వాటి ముందు నిలబడితే నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ పిల్లలు వచ్చేటప్పుడు ఎవరి గీత వాళ్లు తెచ్చుకున్నారు కదా!

అందుకని ఈ పని ఇప్పుడే మొదలుపెట్టు. నాలుగో ఏడులో మీ జూనియర్లు ఎలాగూ సబ్మిషన్ల ముందు నీ దగ్గరికి వస్తారు. వచ్చినప్పుడు వెంటనే నోరు తెరవకు. బొమ్మను గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి ఐదు నిమిషాలు ఊరికే చూడు. తర్వాత ఎక్కడ మొదలుపెట్టావని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం సంగతి తెలిసిపోతుంది. కూజా అంచు దగ్గర మొదలుపెట్టినవాడి ఇబ్బంది ఒకటి, కాగితం మొత్తానికి టోన్ (వెలుగునీడల స్థాయి) వేసి దిగినవాడి ఇబ్బంది ఇంకొకటి.

"బాగుంది", "బాలేదు" అనే రెండు మాటలూ ఒక ఏడాది పాటు వాడకు. వాటి బదులు కంటికి కనిపించేది చెప్పు. "కూజా నీడా వెనక గోడా ఒకే టోన్‌లో ఉన్నాయి, అందుకే కూజా గోడలో కలిసిపోయింది" అంటే ఆ పిల్లకు చేతికి పని దొరుకుతుంది. "డెప్త్ రాలేదమ్మా" అంటే రాత్రంతా ఏడవడం తప్ప ఏం చేయగలదు?

ఇంకో మాట, దీన్ని నేను నియమం అనే అంటాను. విద్యార్థి కాగితం మీద నీ చేయి పెట్టకు. చూపించాల్సి వస్తే పైన ట్రేసింగ్ పేపర్ వేసి దాని మీద గీయి, లేదా పక్కన వేరే కాగితం తీసుకో. నువ్వు దిద్దిన చోట బొమ్మ మెరుగుపడొచ్చు, కానీ అప్పటినుంచి అది ఆ పిల్ల బొమ్మ కాదు. ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంటుంది.

చూసినదాన్ని మాటల్లో పెట్టడానికి మన చుట్టుపక్కల ఉన్నంత సామగ్రి చాలా ఊళ్లకు లేదు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది కదా, అక్కడ అల్లూరు నుంచి తెచ్చిన సున్నపురాయి బుద్ధుడి ముందు ఒక పూట గడుపు. ఇంకోరోజు బ్యారేజీ దాటి ఉండవల్లి వెళ్లి, కొండలోనే తొలిచిన పడుకున్న విష్ణుమూర్తిని చూడు. రెండిటినీ స్కెచ్ చేశాక, ఒకదానిలో బట్ట మడత ఒంటికి ఎలా అంటుకుందో, రెండోదానిలో బరువు ఎక్కడ ఆనిందో తెలుగులో ఒక పేజీ రాయి. సున్నపురాయి చెక్కడానికీ గట్టి కొండరాయి చెక్కడానికీ తేడా పుస్తకం చదివితే గుర్తుండదు. అక్కడ నిలబడి గీస్తే మరిచిపోవు.

అమరావతికి మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లు. అక్కడి శిల్పాల్లో చాలా భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం ఉన్న చోట మిగిలింది కొంచెమే. అయినా ముందు ఆ చోటు చూసి, తర్వాత చెన్నై వెళ్లు. చెన్నైలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. ఒకే వృత్తంలో ఒక పక్క మదమెక్కిన ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తుంది, పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో గీత లేదు, గడి లేదు. అయినా చూసేవాడికి ముందేది, తర్వాతేది అన్న అయోమయం రాదు. ఎందుకు రాదో ఎదుటివాడికి అర్థమయ్యేలా నువ్వు పది నిమిషాలు చెప్పగలిగితే కంపోజిషన్ క్లాసు చెప్పగలవన్నమాటే. ముందు మీ అమ్మకు చెప్పి చూడు. ఆర్ట్ చదవని మనిషికి అర్థమైతే మొదటి ఏడు పిల్లలకూ అర్థమవుతుంది. అదే స్తూపం మీద బుద్ధుణ్ణి ఖాళీ సింహాసనంగా, పాదముద్రలుగా చూపించిన శిల్పాలూ ఉన్నాయి, మనిషి రూపంలో చెక్కినవీ ఉన్నాయి. అది ఇంకో క్లాసు.

ఇక కాగితాల సంగతి. నాలుగేళ్ల బీఎఫ్‌ఏ తర్వాత రెండేళ్ల ఎంఎఫ్‌ఏ. అందులో 55 శాతం మార్కులు తప్పనిసరి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులు వంటివాళ్లకు 50. ఆ పైన యూజీసీ నెట్, అంటే యూనివర్సిటీల్లో పాఠం చెప్పడానికి రాసే జాతీయ అర్హత పరీక్ష. మన సబ్జెక్టు పేరు విజువల్ ఆర్ట్, కోడ్ 79. రెండు పేపర్లూ కలిపి మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు రాస్తే మార్కులు కోయరు. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు బోధన, పరిశోధన, రీజనింగ్ మీద వస్తాయి. బొమ్మలు వేసేవాళ్లు దాన్ని చులకనగా చూసి అక్కడే దెబ్బతింటారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అందుకని షడంగాలు (చిత్రకళకు చెప్పిన ఆరు అంగాలు), రస సిద్ధాంతం, ప్రింట్‌మేకింగ్ (అచ్చు తీసే చిత్రకళ) పద్ధతులు తెలుగులో అర్థం చేసుకున్నా, పదాలు ఇంగ్లీషులో కూడా చేతికి అందేలా పెట్టుకో. ఎంఎఫ్‌ఏ చివరి ఏడులోనే నెట్ రాయొచ్చు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ చాలు. కానీ అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాల్సిందే. కాబట్టి వాయిదా వేసుకో గానీ మానుకోకు.

మీ నాన్న అడిగింది ఉద్యోగం గ్యారంటీనా అని. కాదు, అదే చెప్పాను. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు అరుదుగా పడతాయి. ఈలోపు చాలామంది గెస్ట్ ఫ్యాకల్టీగా, కాంట్రాక్టు మీద పని చేస్తుంటారు. ఆ రోజుల్లో ఇంటి అద్దెకు ఇబ్బంది పడకుండా, ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తి చేసి పెట్టుకో. స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేరడానికి పనికొస్తుంది. పైగా ఆరో తరగతి పిల్లల మధ్య ఒక ఏడాది ఉన్నవాళ్లు యూనివర్సిటీలో ఇంకా బాగా చెబుతారు. ఎందుకంటే ఆ వయసు పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడించకుండా వినడం రాదు, నీ మాట పొదుపుగా ఉండక తప్పదు.

ఇప్పుడు నీ ప్రశ్న. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, బరోడా ఉంది, శాంతినికేతన్ ఉంది. ర్యాంకుల పట్టిక చూసి ఎంచుకోకు. అక్కడ ఎవరు పాఠం చెబుతున్నారు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని చూడు. చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ కళాభవన్‌లో చెప్పారు. 1956లో ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయినా బొమ్మలూ మానలేదు, పాఠాలూ మానలేదు. ఆయన శిష్యుడు కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో చెప్పారు. బరోడాలో ఆయన దగ్గర నేర్చుకున్న మన తెలుగువాడు లక్ష్మా గౌడ్, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చెప్పారు. ముగ్గురి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడు, ఒకరి గీత ఇంకొకరికి రాలేదు. నేను పైన చెప్పిన చూపు అదే.

మన వైపు అంతకుముందే ఇలాంటి కథ ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఏముందో గుర్తించి, బొంబాయి జేజే స్కూల్‌లో చదువుకోవడానికి దారి చూపించాడు. రామారావు 1925లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన చిత్రాలు రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. రైల్లో వెళ్తూ వస్తూ ఉంటావు కదా, ఒకసారి దిగి చూసి వెళ్లు.

నా సలహా అడిగితే ఎంఎఫ్‌ఏకి ప్రింట్‌మేకింగ్ కూడా ఉన్న చోటు చూసుకో. ఎచింగ్ (లోహపు రేకును యాసిడ్‌తో తినిపించి అచ్చు తీయడం) నేర్పేటప్పుడు యాసిడ్‌తో, ప్రెస్‌తో పని. గాలి ఆడని గదిలో పిల్లల్ని నిలబెట్టకూడదన్న జాగ్రత్త అక్కడే అలవాటవుతుంది. టీచర్‌వి అయ్యాక స్టూడియోలో అందరి ఊపిరికీ నీదే బాధ్యత.

నీ సొంత బొమ్మ మాత్రం ఎప్పుడూ ఆపకు. రేపు ఇంటర్వ్యూలో నీ ప్రదర్శనల గురించి అడుగుతారు, నిజమే. కానీ నేను చెప్పేది దానికోసం కాదు. తను వేయడం మానేసిన టీచర్‌కి ఖాళీ కాన్వాసు ముందు పిల్లలు పడే భయం రెండు మూడేళ్లలో గుర్తులేకుండా పోతుంది. అప్పుడు వాళ్లది బద్ధకంలా కనిపిస్తుంది.

ఈ వారంలో నెట్ సిలబస్ డౌన్‌లోడ్ చేసి చదువు. పది యూనిట్లున్నాయి. నీకు కొరుకుడు పడనివాటి పక్కన టిక్కు పెట్టి నాకు పంపు. బహుశా ఈస్థటిక్స్ (సౌందర్యశాస్త్రం) అవుతుంది, అందరికీ అదే. అలా అయితే బుధవారాలు సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యి, ఆ యూనిట్ మనిద్దరం కలిసి చదువుదాం. సెలవుల్లో జూనియర్ ఎవరైనా బొమ్మ ఫోటో పంపితే, నువ్వు వాళ్లకు ఏం జవాబిచ్చావో అది కూడా నాకు పంపు.

మీ మేనత్త