డాలస్‌లో ఫ్లోరింగ్, గుంటూరు లెక్క

అమెరికా నుంచి సెలవుకి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉంటే, మా అన్నయ్య కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. ఇల్లు కొన్నాడు, కింద అంతస్తులో కార్పెట్ పీకించి వినైల్ ప్లాంకులు (చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు) వేయించాలట, ముగ్గురు కొటేషన్లు ఇచ్చారట: 5,200, 7,900, 9,400 డాలర్లు. "బాబాయ్, వీటిలో ఏది సరైన రేటు?" అని అడిగాడు. పక్కనే ఉన్న అన్నయ్య ఆ అంకెల్ని రూపాయల్లోకి మార్చుకుని, ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లంతా గ్రానైట్ వేయిస్తానని లేచాడు. కొత్తగా వెళ్ళినవాళ్ళు ముందు మానాల్సింది ఆ అలవాటే. అక్కడ మనిషి పనికే రేటు ఎక్కువ, ఇక్కడి కూలీతో పోల్చుకుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

మన టైల్స్ మేస్త్రీ అడుగుకి ఇంత అనగానే సిమెంటు, ఇసుక ఎవరివి, స్కర్టింగ్ అందులోనేనా, పాత బండలు తీసి చెత్త ఎత్తేది ఎవరు అని అడుగుతాం కదా. అమెరికా వెళ్ళగానే ఆ నోరు ఏమవుతుందో మరి, ప్రింటు తీసిన కాయితం చేతిలో పెడితే సంతకం పెట్టేస్తాం.

మావాడి చేత కాయితాలు చదివించాను. 5,200 వాడు రాసింది ప్లాంకులు, పరచడం, అంతే, 1,000 చదరపు అడుగులకి. మిగతావి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కార్పెట్ పీకి పారేయడానికి అడుగుకి డాలరు, అంటే 1,000. మెట్లు 14, వాటికి సాధారణంగా మెట్టుకి ఇంతని విడిగా తీసుకుంటారు, వీడు 90 అన్నాడు, 1,260 అయింది. బేస్‌బోర్డ్, అంటే మన స్కర్టింగే, 450 అడుగులకి 2 డాలర్ల చొప్పున 900. మొత్తం 8,360. ఇవన్నీ కలుపుకునే రెండోవాడు 7,900 అన్నాడు.

ఇక నేల ఎగుడుదిగుడు సంగతి, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. అమెరికాలో నా మొదటి ఇంటికి అందరికన్నా తక్కువ చెప్పినవాడికే పని ఇచ్చాను. కాంక్రీటు చదును చేయకుండానే పైన పరిచేసి పోయాడు, ఆరు నెలలకి నడుస్తుంటే టకటకమని చప్పుడు, ఏడాదికి జాయింట్లు విడిపోయాయి, ప్లాంకుల కంపెనీని అడిగితే నేల చదునుగా లేదు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. చాలా కంపెనీల సూచనల కాయితంలో 10 అడుగుల పొడవులో 3/16 అంగుళానికి మించి తేడా ఉండకూడదని ఉంటుంది, నేను అది చదివింది అంతా అయ్యాక. కాబట్టి నేలలో తడి పరీక్ష చేస్తాడా, చదును చేసే మిశ్రమం బస్తాకి ఎంత తీసుకుంటాడు అన్నది ముందే రాయించుకోండి. కార్పెట్ తీసేదాకా ఏమీ చెప్పలేం అంటాడు, అది నిజమే, కానీ బస్తా రేటు చెప్పడానికి కార్పెట్ తీయక్కర్లేదు.

సామాను లెక్క మీరే వేసుకోవచ్చు. 1,000 అడుగులకి కోతల్లో పోయేది 10 శాతం కలిపి 1,100, హెరింగ్‌బోన్ లాంటి వంకర గీతల డిజైన్ అయితే 15 శాతం దాకా. అదే ప్లాంకు దుకాణంలో ఎంతో చూసి తీసేస్తే మిగిలింది పనివాళ్ళ ఖర్చు. ముగ్గురూ ఒకే సరుకు మీద చెప్పారో లేదో కూడా చూడాలి. మావాడి విషయంలో 9,400 వాడిది పై పొర 20 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), మిగతా ఇద్దరిదీ 12 మిల్, పొర మందంగా ఉన్నదే ఎక్కువ కాలం అరగకుండా ఉంటుంది. కార్పెట్ అయితే కొందరు గజం లెక్కన చెప్తారు, గజానికి 9 అడుగులని స్థలాలు కొన్నవాళ్ళం, మనకి వేరే చెప్పాలా.

అడ్వాన్సు సగం ఇమ్మంటే ఒప్పుకోకండి. కాలిఫోర్నియాలో అయితే 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదని చట్టమే ఉంది. టెక్సాస్‌లో ఫ్లోరింగ్ పనికి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, అందుకని కనీసం ఇన్సూరెన్స్ కాయితమైనా అడిగి తీసుకోండి. మనవాళ్ళే, క్యాష్ ఇస్తే తగ్గిస్తారు అనే బేరం నాకైతే నచ్చదు, రసీదు లేనిదానికి రేపు ఎవర్ని పట్టుకుంటారు?

మావాడు రెండోవాడి వైపే మొగ్గుతున్నాడు. కింద బాత్రూంలో కూడా ప్లాంకులు వేస్తున్నారు గానీ, కమోడ్ తీసి మళ్ళీ బిగించే సంగతి ఆ కాయితంలో ఎక్కడా లేదు. సంతకం పెట్టేముందు అదొకటి అడగమన్నాను.