కొత్తగా పాటలు రాస్తున్న అమ్మాయికి ఒక పాస్టరు ఉత్తరం

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. నువ్వు వాట్సాప్‌లో పంపిన పాటలన్నీ ప్రింటు తీయించుకుని చదివాను. ఫోన్లో చదివితే నాకు పాట బుర్రకెక్కదు. ట్రాకులు మాత్రం వినలేదు, కావాలనే. కీబోర్డు తోడుంటే ఎంత పేలవమైన మాటైనా బాగున్నట్టే అనిపిస్తుంది.

నీకు చెవి ఉంది. ప్రాస కోసం తడుముకోవు. రాగం కుదిరిందా అయ్యగారూ అని అడిగావు. కుదిరింది. నా ఇబ్బంది వేరే. నీ పాటల్లో ఏమీ జరగడం లేదు. నా ఆశ్రయమా, నా ఆనందమా, నా అతిశయమా అని పల్లవి ఎత్తుకున్నావు. చరణాల్లోనూ అవే మాటలు, వరస మారిందంతే. మొదటి చరణాన్ని తీసి మూడోదాని చోట పెట్టినా ఎవరికీ తేడా తెలియదు.

'నా' అనడం తప్పని కాదు. పాటల రచయిత మాసిలామణిగారి 'నడిపించు నా నావ' తీసుకో. అందులోనూ పల్లవిలోనే 'నా' ఉంది. కానీ దాని వెనక లూకా సువార్త అయిదో అధ్యాయం మొదట్లోని సంగతి ఉంది. రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని పేతురు, ఒడ్డున ఆగిన దోనె, లోతుకు నడిపించమన్న ప్రభువు. పాడేవాడు తనకు తెలియకుండానే ఆ దోనె ఎక్కేస్తాడు. పేతురు ఖాళీ వల పక్కన తన అప్పో, తప్పిన పరీక్షో, తాగుబోతు కొడుకో పెట్టుకుని పాడుకుంటాడు. వాక్యంలో ఒక సంగతి ఉంది కాబట్టే అతని సంగతికి చోటు దొరికింది. నువ్వు ముందు ఒక అధ్యాయం పట్టుకో, ఆ తర్వాతే 'నా' అను.

ఇంకో పని కూడా చెయ్యి. మీ ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండే ఉంటుంది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కొన్ని పాడకుండా, ఊరికే చదువు. ఆయన 1803లో పుట్టి 1890లో కన్నుమూశాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అనే కీర్తన కట్టడి అప్పటికే మన జనం నోట్లో ఉంది. సువార్తను ఆయన అందులోనే పోశాడు. పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. కొన్నిటికి చాయ కూడా ఉంటుంది, అంటే ఫలానా పాట వరసలో పాడుకోమని. (కాబట్టి వేరే పాట వరస నీ పాటలో వినిపిస్తోందని ఎవరైనా అంటే మరీ కుంగిపోకు.) చదువు రాని సంఘాల్లో జనం ఈ కీర్తనలు విని, పాడి వేదాంతం నేర్చుకున్నారు. ఉపదేశి చెప్పింది మర్చిపోయినా పాడింది మర్చిపోలేదు. నా ప్రసంగాలకూ అదే గతి అని నాకు తెలుసు, అందుకే పాటల విషయంలో ఇంత పట్టుదల.

ఇక నీ గెత్సేమనే పాట, సిలువకు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన తోట మీద రాసింది. వాటన్నిటిలో నాకు నచ్చింది అదే, ఎందుకంటే అందులో ఒకటి జరుగుతుంది. 'నేలపైన పడితివయ్యా' అని రాశావు. సువార్తలో మార్కు కూడా ఆయన నేలమీద పడి ప్రార్థించాడనే చెబుతాడు, బాగుంది. అయితే నీ వరసలో 'ప' మీద రెండు దెబ్బలు పడుతున్నాయి. పాడి చూసుకో. 'నేలపైన పాడితివయ్యా' అని వినిపిస్తుంది. చెమట రక్తపు బిందువుల్లా కారుతున్న వేళ ప్రభువు చేత పాట పాడించావు! పాత మిషనరీల రోజుల్లో ఇంగ్లీషు ట్యూనుకు తెలుగు మాటలు తొడిగిన పాటల్లోనూ ఇదే అవస్థ. మన భాషలో గురువు, లఘువు తారుమారైతే అర్థమే మారిపోతుంది. ఆ చోట దీర్ఘం ఉన్న మాట వెతుకు, లేదా వరస మార్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. నీ పాటలన్నీ విజయంతోనే ముగుస్తున్నాయి. ఒక ఇంటి ఆదరణ కూడికలో మా కుర్రాళ్లు అలాంటి పాటే అందుకున్నారు. పోయినవాడికి ముప్పై ఏళ్లు కూడా లేవు. స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థించిన మనిషి. పిల్లలు మంచివాళ్లే, వాళ్లకు వచ్చిన పాట అది, చప్పట్లు కొట్టి పాడారు. అతని తల్లి ఆ చప్పట్ల మధ్య తల దించుకుని కూర్చుంది. ఆవిడ నోటికి సరిపోయే పాట ఆ కుర్రాళ్ల ఫోన్లలో ఒక్కటీ లేదు. అది వాళ్ల లోపం కాదు, రాసేవాళ్లం మన లోపం.

బైబిలు మనకంటే ధైర్యం గలది. 'యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?' అని 13వ కీర్తన అడుగుతుంది. 88వ కీర్తన అయితే 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని అక్కడే ఆగిపోతుంది. తర్వాత హల్లెలూయా లేదు. అయినా అది దేవునితో మాట్లాడుతూనే ఉంది, అందుకే అది విశ్వాసమే. అలాంటిది ఒక్కటి రాయి. యూట్యూబ్‌లో దానికి వ్యూస్ రావు, ముందే చెబుతున్నాను. కన్వెన్షన్ స్టేజీ మీద కూడా ఎవరూ పాడరు.

రాశాక మీ సంఘంలో చదువు రాని పెద్దావిడ దగ్గర కూర్చుని, కాగితం లేకుండా రెండుసార్లు పాడి వినిపించు. వారం ఆగి ఆవిడనే పాడమను. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఊపిరి చాలలేదు, ఆ పాదం కత్తిరించు. ఎక్కడ మాట మార్చేసిందో అక్కడ చాలాసార్లు ఆవిడ మాటే మేలు. మొహమాటం లేకుండా తీసేసుకో.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా దగ్గర శుక్రవారం కూడికలు సాయంత్రం ఏడింటికి. గెత్సేమనే పాట దిద్ది అప్పటికి పంపగలిగితే కంజీర ఒక్కటే పెట్టి స్త్రీల సమాజం వాళ్ల చేత పాడిస్తాను. మూడో చరణంలో శిష్యుల నిద్ర సంగతి వదిలేశావు, అది రావాలి. రికార్డింగు వద్దు, కాగితం మీద రాసి పంపు. అమ్మగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు. మీ నాన్నగారికి నా వందనాలు.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు