బూజు మీద పీహెచ్‌డీ అంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. పంటలకు తెగుళ్లు తెచ్చే శిలీంద్రాలు మందులకు ఎందుకు లొంగకుండా పోతున్నాయో జన్యుపరంగా పరిశోధిస్తానంటోంది. బూజు మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందండీ? బదులుగా జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ తీసుకోమని చెప్పనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, అది కాకపోతే ఇది అన్నట్టు అడిగారు. ఈ రంగంలో ఆ రెండూ ఒకే మనిషికి రావాలి. కాకపోతే ఏది ముందన్నది ముఖ్యం. ముందు శిలీంద్రం, ఆ తర్వాతే కంప్యూటర్ అని నేను గట్టిగా చెబుతాను.

ఎందుకో చూడండి. శిలీంద్రాల్ని అణిచే స్ట్రాబిలూరిన్ రకం మందులు 1996లో మార్కెట్‌కి వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే, 1998లో, ఉత్తర జర్మనీ గోధుమ చేలలో బూడిద తెగులు వాటికి లొంగడం మానేసింది. ఈ మందు శిలీంద్రపు మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ బి అనే ప్రొటీన్‌కి అతుక్కుని శక్తి పుట్టకుండా ఆపుతుంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి, ప్రొటీన్ 143వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట అలనిన్ అనే మరొకటి వచ్చింది. దాంతో మందుకి అక్కడ పట్టు దొరకలేదు. ఆ తర్వాత ఎన్నో పంటల తెగుళ్లలో ఇదే మార్పు బయటపడింది.

మరి గోధుమకే వచ్చే తుప్పు తెగులు సంగతి? ఆ శిలీంద్రాల్లో సరిగ్గా 143వ కోడాన్‌ని, అంటే ఆ స్థానానికి సంకేతమైన మూడక్షరాల్ని, ఆనుకుని ఒక ఇంట్రాన్ ఉంది. ప్రొటీన్ తయారయ్యే ముందు కత్తిరించి తీసేయాల్సిన జన్యు ముక్క అది. అక్కడ అక్షరం మారితే ఇంట్రాన్‌ని కత్తిరించే పని చెడి, ప్రొటీనే తయారుకాదు. మందు నుంచి తప్పించుకునే లోపే ప్రాణం పోతుంది. అందుకే ఈ దారి వాటికి మూసుకుపోయిందని శాస్త్రవేత్తల వివరణ. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ముచ్చట ఇది. ఫలానా అక్షరం మారిందని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఆ మార్పుతో ఆ జీవి బతుకుతుందా, చస్తుందా అన్నది శిలీంద్రాన్ని పెంచి చూసినవాళ్లకే తెలుస్తుంది.

మీ అమ్మాయి మొదట చేయాల్సిన పని కూడా అదే. తెగులు పట్టిన ఆకు మచ్చలోంచి శిలీంద్రపు ఒకే ఒక్క సిద్ధబీజాన్ని (స్పోర్) వేరుచేసి పెంచాలి. మందు లేని ప్లేటు ఒకటి, రెట్టింపు చొప్పున మందు పెంచుతూ పోసిన ప్లేట్లు మరికొన్ని వరసగా పెట్టి, కొన్ని రోజులయ్యాక ఒక్కో కాలనీ వ్యాసాన్ని అటూ ఇటూ రెండువైపులా స్కేలుతో కొలవాలి. ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదుని ఈసీ50 అంటారు. 143 మార్పున్న శిలీంద్రమైతే మామూలు రకాన్ని అణిచేసే మోతాదు పోసిన ప్లేట్లలోనూ దర్జాగా పరుచుకుంటుంది. అజోల్ అనే మరో రకం శిలీంద్ర మందుల దగ్గర అలా కాదు. తట్టుకునే శక్తి మెట్టు మెట్టుగా పెరుగుతుంది.

గోధుమలో ఆకుమచ్చ తెచ్చే జైమోసెప్టోరియాని తీసుకోండి. అజోల్ పనిచేసే సీవైపీ51 జన్యువులోనే మార్పులు ఒకదాని మీద ఒకటి చేరతాయి. కొన్నింట్లో ఆ జన్యువు ముందుభాగంలో కొత్త డీఎన్‌ఏ ముక్క దూరి, ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది. ఇంకొన్ని మందుని కణం బయటికి తోడిపోసే పంపుల్ని పెంచుకుంటాయి. వందలాది రకాల జన్యుక్రమాల్ని వాటి ఈసీ50తో జోడించి, ఏది ఎంత పనిచేస్తోందో తేల్చేది గణాంకాలూ ప్రోగ్రామింగే. పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు అప్పుడు నేర్చుకున్నా ఆలస్యం కాదు. నా బెంగ స్టాటిస్టిక్స్ గురించి. మైక్రోబయాలజీ పిల్లలు దాన్ని పరీక్ష గట్టెక్కేంతవరకే చదువుతారు. ఈ ఏడాదే గట్టిగా పట్టుకోమనండి.

ఇక ఉద్యోగాలు. పురుగుమందుల కంపెనీలు తమ మందుకి ఏ తెగులు ఎక్కడ లొంగడం లేదో ఏటా నమూనాలు తెప్పించి పరీక్షిస్తాయి. ఇందుకోసం 1981 నుంచి ఫ్రాక్ అనే ఉమ్మడి వేదిక కూడా నడుపుతున్నాయి. కొత్త మందు కనిపెట్టే విభాగాలు, తెగులు నిర్ధారణ ల్యాబ్‌లు, తెగులుని తట్టుకునే వంగడాల పరిశోధన, మందులకు అనుమతులిచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. పరీక్షల పనికి ఎంఎస్సీ చాలు. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు, అయిదారేళ్లు పడుతుంది. వ్యవసాయం దాటి ఆసుపత్రుల వైపు కూడా దారి ఉంది. మనుషుల ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌కి డాక్టర్లు వాడేదీ అజోల్ మందులే, అది మొండికేసేదీ సీవైపీ51 మార్పులతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాదకర శిలీంద్రాల జాబితాలో అది అతి కీలకమైన వర్గంలో ఉంది.

ఈ సెలవుల్లో ఆమెని రెండు నెలలు ఏదైనా మొక్కల తెగుళ్ల ల్యాబ్‌లో పని చేయనివ్వండి. ప్లేట్లలో వేరే బూజు చేరి వారం కష్టం పాడవుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. మూడోసారి కూడా విసుక్కోకుండా పెడితే నిశ్చింతగా పంపించండి. పీహెచ్‌డీకి గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగమనండి: పొలాల నుంచి తెచ్చి మీ ఫ్రీజర్‌లో దాచిన శిలీంద్రాలు ఎన్ని ఉన్నాయి, ఏ చేలో ఏ మందు కొట్టారో వాటితోపాటు రాసిపెట్టారా? మందు కొట్టిన వివరం లేని నమూనాలతో పీహెచ్‌డీ మొదలుపెడితే, మూడో ఏడాదిలో మళ్లీ పొలానికి వెళ్లి కొత్తవి ఏరుకోవాల్సి వస్తుంది.