పన్ను లేదని సీఆర్‌ఎస్‌సీకి మారొచ్చా?

ప్రశ్న: అమెరికా ఆర్మీలో 22 ఏళ్లు చేసి రిటైరయ్యాను. టెక్సాస్‌లో ఉంటున్నాం. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) నాకు 60 శాతం వైకల్య రేటింగ్ ఇచ్చింది. పారాచూట్ జంపుల్లో దెబ్బతిన్న మోకాలు, నడుముకి 40 శాతం, మిగతాది వినికిడి లోపం, చెవుల్లో హోరు. వీఏ నుంచి నెలకు సుమారు 1,560 డాలర్లు, దాంతోపాటు సీఆర్‌డీపీ (కోతపడిన పెన్షన్‌ను తిరిగిచ్చే చెల్లింపు) వస్తున్నాయి. మా ఆవిడ జీతంతో కలిపి 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నాం. సీఆర్‌ఎస్‌సీకి (యుద్ధవిధుల వైకల్యానికిచ్చే ప్రత్యేక పరిహారం) మారితే పన్నుండదని మిత్రుడు అంటున్నాడు. మారమంటారా?

జవాబు: ఇప్పుడే మారకండి. సీఆర్‌ఎస్‌సీకి దరఖాస్తు మాత్రం వెంటనే పెట్టండి.

వీఏ పరిహారం తీసుకుంటే అంత మేర మిలటరీ పెన్షన్‌లో కోత పడుతుంది. ఆ కోతను పూడ్చేవే సీఆర్‌డీపీ, సీఆర్‌ఎస్‌సీ. ఒకేసారి రెండూ ఇవ్వరు. 20 ఏళ్ల సర్వీసు, కనీసం 50 శాతం వైకల్యం ఉంటే సీఆర్‌డీపీ అడక్కుండానే వస్తుంది. అది పెన్షన్ సొమ్మే కనుక పన్ను కట్టాలి. సీఆర్‌ఎస్‌సీకి పన్ను లేదు, కానీ యుద్ధవిధులతో ముడిపడిన వైకల్యానికే ఇస్తారు. పారాచూట్ జంపులు కూడా అందులోకే వస్తాయి.

మీ లెక్క చూద్దాం. వీఏ సొమ్ము మేర పడిన కోతకు బదులు సీఆర్‌డీపీగా వచ్చే 1,560లో 22 శాతం పన్ను పోతే 1,217 మిగులుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 40 శాతానికే సీఆర్‌ఎస్‌సీ వస్తే సుమారు 880. పన్ను లేకపోయినా నెలకు 337 డాలర్లు నష్టపోతారు.

వినికిడి సమస్య కూడా ఆయుధాల మోత వల్లేనని ఆర్మీ ఒప్పుకుంటే మొత్తం 60 శాతానికీ సీఆర్‌ఎస్‌సీ వస్తుంది. అప్పుడు 1,560 పూర్తిగా చేతికందుతుంది, ఏడాదికి 4,000 డాలర్లకు పైగా లాభం. దరఖాస్తు పెట్టమన్నది అందుకే. ఏటా జనవరిలో ఒకదాన్నుంచి మరోదానికి మారే వీలుంది.

మీ మిత్రుడు 20 ఏళ్లు నిండకముందే వైద్య కారణాలతో రిటైరై ఉంటే ఆయనకు సాధారణంగా సీఆర్‌డీపీ రాదు, సీఆర్‌ఎస్‌సీ ఒక్కటే దారి. ఆయన ఇంకా అడగకపోతే ఇప్పుడైనా అడగమనండి. సీఆర్‌ఎస్‌సీ పాత బకాయిలకు ఆరేళ్ల పరిమితి వర్తించదని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

విడాకుల కేసుంటే చెప్పండి, లెక్క మారుతుంది. సీఆర్‌డీపీని మాజీ జీవిత భాగస్వామికి పంచే వీలుంది, సీఆర్‌ఎస్‌సీని ఆస్తిగా పంచరు.

సీఆర్‌ఎస్‌సీ దరఖాస్తు అయిన డీడీ 2860 ఫారం ఆర్మీకే పంపాలి, వీఏకి కాదు. వీఏ రేటింగ్ లేఖ ఒక్కటే సరిపోదు. జంప్ లాగ్ (పారాచూట్ జంపుల రికార్డు), దెబ్బ తగిలిననాటి వైద్య రికార్డులు జతచేయండి. గాయం ఎలా తగిలిందో ఆనాటి కాగితంలో రాసి ఉండాలి, వాళ్లు ముందు చూసేది దాన్నే.