మా ఆయన లేచి నడవలేదు, అయినా చెబుతున్నాను

"శ్రమల వెనుక దేవుని ఉద్దేశం ఉంటుందని క్రైస్తవులు అంటారు కదా, మీ జీవితంలో అది ఎవరైనా చూశారా?" అని అడిగారు. చూశాను. కాకపోతే మీరు ఎదురుచూసే రకం సాక్ష్యం నా దగ్గర లేదు.

తొమ్మిదేళ్ల కిందట మా ఆయన మేడ మీద నీళ్ల ట్యాంకు బాగుచేస్తూ జారిపడ్డారు. వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. మొదటి వారమంతా మంచం చుట్టూ మా చర్చి సంఘం వాళ్లే. ఒకరు "దేవుడు పరీక్షిస్తున్నాడమ్మా" అన్నారు. ఇంకొకరు, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే జరుగుతాయనే బైబిలు వాక్యం (రోమా 8:28) ఉన్న క్యాలెండరు తెచ్చి గోడకు తగిలించారు. ఒకావిడ నన్ను వరండాలోకి పిలిచి, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో, ఇద్దరూ మోకరించి ఒప్పుకోండి" అంది. మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియని మనిషిని మోకరించమంటోంది!

బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని ముగ్గురు స్నేహితులూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుడు కోపపడింది కూడా వాళ్ల మీదే. మా దగ్గర మాత్రం యోబు మీద ప్రసంగమంటే రెండంతలుగా తిరిగొచ్చిన ఆస్తి దగ్గరే ముగుస్తుంది.

పదో రోజున మా వీధి చివర ఇడ్లీలు అమ్మే పెద్దావిడ వచ్చింది. ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు. వస్తూనే దుప్పటి కిందికి చేయి పోనిచ్చి, "ఒక చెయ్యి పట్టమ్మా" అంటూ ఆయన్ను పక్కకు తిప్పించింది. తోకఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి వదిలింది. ఎరుపు తెల్లబడలేదు. "పుండు మొదలవుతోంది. రెండు గంటలకోసారి తిప్పాలి, రాత్రయినా సరే" అంది. పక్కగుడ్డ మీద అరచేయి పరిచి ముడతలన్నీ లాగింది, బిస్కెట్టు పొడి దులిపింది, మోకాళ్ల మధ్య దిండు పెట్టింది. ఆమె కొడుకు ఆరేళ్లు మంచంలో ఉండి పోయాడట. నర్సులు చెప్పి ఉంటారు, నా బుర్రకు ఎక్కలేదు. ఈమె చేతుల్లోంచి ఎక్కింది.

దేవుడు మనకు ఆదరణ ఎందుకు ఇస్తాడో అపొస్తలుడు పౌలు రాశాడు, బైబిల్లో రెండవ కొరింథీయులకు పత్రిక మొదటి అధ్యాయంలో: అదే ఆదరణతో శ్రమలో ఉన్న ఇంకొకరిని ఆదరించడానికి. నాకు దొరికిన ఉద్దేశం అంతే. ఆమె కొడుకు ఎందుకు పోయాడన్నదానికి అది జవాబు అని నేను అనను. అంటే ఆమె ఇడ్లీ గరిటె తీసుకుని కొడుతుంది.

తర్వాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడే డాక్టర్ మేరీ వర్గీస్ గురించి విన్నాను. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకూ నడుము కింద చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. వెల్లూరులో పునరావాస వైద్యానికి పునాది వేశారు. ఆమె కూడా లేచి నడవలేదు.

మా ప్రార్థన కూడికల్లో మాత్రం సాక్ష్యం చెప్పడానికి మైకు మేలు జరిగినవాళ్లకే ఇస్తారు. గడ్డ కరిగినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు వరుసగా నిలబడతారు. తొమ్మిదేళ్లలో మమ్మల్ని ఒక్కసారీ పిలవలేదు. చక్రాల కుర్చీ వేదిక ఎక్కితే జనం విశ్వాసం సన్నగిల్లుతుందని భయం కాబోలు. నన్నడిగితే మొదట పిలవాల్సింది ఆ ఇడ్లీలమ్మను.

పోయిన నెల ఒక లారీ డ్రైవరు భార్య రాత్రి పదకొండింటికి ఫోను చేసింది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. భర్త వీపు వీడియోలో చూపించమన్నాను. "వేలితో నొక్కి వదలమ్మా, తెల్లబడిందా?" అని అడిగాను. తెల్లబడింది. ఇద్దరం ఏడ్చాం.

ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. "నన్ను ఉపమానం చేయకు. ఆ ట్యాంకు ఇంకా కారుతోందని కూడా రాయి" అన్నారు. కారుతోంది.