వెయ్యి దీపాల వాక్యం గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కంచం అంచు మీద వేలు పెట్టి, వేలు ఎక్కడ అయిపోయిందో కంచం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేక కూర్చున్న ఆ కుర్రాడు ఇంకా కళ్ళముందే ఉన్నాడు. కానీ వాడు కొడైకెనాల్‌లో మత్తెక్కించే పుట్టగొడుగులు తిన్నప్పుడూ, పరీక్ష ముందురోజు రాత్రి ఏకాగ్రత కుదరడానికి వాడే రిటాలిన్ మాత్ర ఫ్రెండ్ ఇస్తే మింగినప్పుడూ "మెదడులో వెయ్యి దీపాలు వెలిగాయి" అని అదే వాక్యం రాశావే, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అవి రెండూ ఒకటెలా అవుతాయి? రిటాలిన్, మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని నాడీకణాలు మళ్ళీ లోపలికి లాక్కోకుండా అడ్డుపడుతుంది. పుట్టగొడుగులోని సైలోసైబిన్ ఒంట్లో సైలోసిన్‌గా మారి సెరటోనిన్ అనే ఇంకో రసాయనం వచ్చి అతుక్కునే చోట్లను, అంటే దాని గ్రాహకాలను, పట్టుకుంటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఏడుగురికి ఒకసారి 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్, ఇంకోసారి రిటాలిన్‌లో ఉండే మందే 40 మిల్లీగ్రాములు ఇచ్చి స్కాన్ చేశారు, 2024లో 'నేచర్' సైన్స్ పత్రికలో వచ్చింది. మెదడు భాగాల మధ్య సంబంధాలు రెండోదాని కన్నా మొదటిదానితో మూడు రెట్లకు పైగా మారాయి. వెలగడం కాదు తమ్ముడూ, కలిసి నడిచే భాగాలు లయ తప్పాయి, అన్నిటికన్నా ఎక్కువగా 'నేను' అన్న ఊహతో ముడిపడ్డ, డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే భాగాల గుంపు. నీ కంచం వాక్యం నిజమనిపించింది అందుకే.

పోలిక రాసే ముందు అసలు జరిగిందేమిటో తెలుసుకోవాలని ముప్పై ఏళ్ళుగా పోట్లాడుతున్నాను. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజ్ వాళ్ళు సైలోసైబిన్ ఇస్తే మెదడులో కొన్ని ముఖ్యమైన చోట్ల రక్తప్రసరణ తగ్గిందని చూపించారు. అది రాసి పంపితే ఒక ఆదివారం అనుబంధం ఎడిటర్ "తగ్గింది అంటే ఎవరు చదువుతారయ్యా" అని "పుట్టగొడుగుతో పరుగెత్తే మెదడు" అని హెడ్డింగ్ పెట్టేశాడు. ఇంట్లో అద్దె కట్టడానికి కటకటగా ఉన్నా మూడేళ్ళు ఆయనకి ఏమీ పంపలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఇంకొకటి. ఆ సెయింట్ లూయిస్ స్కాన్లలోనే, బొమ్మా మాటా సరిపోయాయా లేదా చెప్పమని చిన్న పని పెడితే లయ తప్పడం కొంత తగ్గింది. నీ కథలో ఆ రాత్రి వాళ్ళమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంటుంది కదా, ఆ చేట వాడి ఒళ్ళో పెట్టించు. ఒక్కో రాయీ ఏరుతూ ఉంటే వాడి వేలు వాడికి ఎప్పుడు దొరికిందో రాసి, ఆ పేజీ ఒక్కటే నాకు పంపు.