శిథిలం కాని సంసారం

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. సంభాషణల జోలికి పోను, అవి నీకు బాగానే వచ్చు. నా పేచీ అంతా ఒక్క వాక్యంతోనే: "వాళ్ళ సంసారం శిథిలమైపోయింది."

శిథిలం అంటే అసలు కూలడం కాదు. సంస్కృతంలో ఆ మాటకు వదులైనది, పట్టు సడలినది అని అర్థం. గోడ పడిపోవడం తర్వాతి సంగతి, అంతకు చాలా ముందే రాళ్ళ మధ్య సున్నం రాలిపోయి ఉంటుంది. సంసారం శిథిలమైందంటే ఏ పట్టు ఎప్పుడు సడలిందా అని పాఠకుడు వెతుక్కుంటాడు. నీ కథలో అదేదీ లేదు. రాత్రి గొడవ, తెల్లారేసరికి ఆమె పెట్టె సర్దుకుంది. అది కూలడం.

భూకంపం వార్తల్లో "శిథిలాల కింద చిక్కుకున్నారు" అని రాయట్లేదా అంటావు. రాస్తారు. బహువచనంలో ఆ మాట అలా స్థిరపడిపోయింది, పత్రికలవాళ్ళతో నాకు తగువు లేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఈ మాట చేసినవాణ్ణి దాచేస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరాన్ని కొల్లగొట్టి, ధ్వంసం చేశారు. ఇప్పుడు మనం హంపీ శిథిలాలు అంటున్నాం, ఎండకీ వానకీ వాటంతటవే అలా అయినట్టు! నీ కథలో అతను ఆమె నగలు చెప్పకుండా తాకట్టు పెట్టాడు, అడిగితే చెయ్యెత్తాడు. సంసారాన్ని పాడుచేసింది అతనే. "శిథిలమైపోయింది" అనేసరికి హాయిగా తప్పించుకున్నాడు. నువ్వే తప్పించావు.

మిగతా మాటలకూ వాటి పట్టింపులు వాటికున్నాయి. 1991లో సోవియట్ యూనియన్ 15 దేశాలైంది కాబట్టి విచ్ఛిన్నం అన్నాం. 1989లో బెర్లిన్ గోడ విచ్ఛిన్నమైందంటే చెవికి ఎక్కదు. చితికిపోవాలంటే పైన బరువుండాలి, అందుకే అప్పులతో చితికిపోతారు. చెదిరినవాటిని మళ్ళీ పోగుచేసుకోవచ్చు. పటాపంచలు అయ్యేవి ఎక్కువగా అనుమానాలు, భయాలు. వాటికోసం ఎవరూ ఏడవరు.

చివర్లో "ఆమె మనసు ముక్కలైంది" అన్నావు. కానీ నువ్వే రాశావు కదా, ఆమెకు ఏడుపు రాలేదని, ఫోన్‌లో అతని గొంతు వింటేనే వెగటు పుట్టిందని. దాన్ని మనం మనసు విరగడం అంటాం. ఆ మాట అక్కడ పెట్టి, మూడో పేజీ మళ్ళీ రాసి పంపు.

ఉంటాను,
మీ అన్నయ్య